గిడ్డంగులు నిండినను సన్నబియ్యము ప్రియమేల?

రెండు మూడేండ్లకొకమారు, తొలకరి మొదలు దీపావళి వరకు గల మాసములలో, తెలుగునాట ఒక ప్రశ్న తప్పక తలయెత్తుచుండును: బియ్యము ధర ఎందుకు పెరిగినది? వంటయింటి లెక్క చూచుకొను గృహిణియు, భోజనశాల నడుపుకొను వ్యాపారియు, శాసనసభలో ప్రభుత్వమును నిలదీయు సభ్యుడును ఈ ప్రశ్ననే వేయుదురు. వానలు కురియలేదని యొకరు, మిల్లుదారులు దాచిరని యొకరు, ఓడలకెక్కి విదేశములకు పోయినదని యొకరు, మద్దతు ధర పెంచుట వలననే యని మఱియొకరు సమాధానము చెప్పుదురు. ఈ సమాధానములలో ఏదియు కేవలము అసత్యము కాదు. కాని అన్నింటిని కలిపి చూచినను ఒక విషయము మాత్రము బోధపడదు. దేశమున బియ్యమునకు కొరత లేదు. 2025 జులై 1వ తేదీ నాటికి కేంద్ర ప్రభుత్వ గిడ్డంగులలో ఉండవలసిన బియ్యము 135.4 లక్షల టన్నులు కాగా, ఉన్న నిల్వ దానికి రెట్టింపును మించియుండెను. ఆ భారమును దించుకొనుటకై 2024-25 ఇథనాల్ సంవత్సరమునకు 52 లక్షల టన్నుల బియ్యమును కిలో 22 రూపాయల 50 పైసల చొప్పున ఇథనాల్ కర్మాగారములకు కేటాయించిరి. ఇంత ధాన్యరాశి గల దేశమున అన్నము వండుకొను బియ్యము ప్రియమగుచున్నదనగా, అడుగుచున్న ప్రశ్నలోనే ఏదియో లోపమున్నదని తలంపవలసియున్నది.

ఆ లోపమేమనగా, మనము బియ్యమును ఒకే వస్తువుగ ఎంచుచున్నాము. గణాంకములలో అది ఒకే వస్తువు, విపణిలో రెండు. ప్రభుత్వము రైతునొద్ద కొని, మరపట్టించి, చౌక దుకాణముల ద్వారా పంచునది అధిక భాగము దొడ్డుబియ్యము. తెలుగు కుటుంబము, అందు నాలుగు కాసులు కలిగిన ప్రతి కుటుంబము, అంగడిలో కొనునది సన్నబియ్యము; అందును కొత్తది కాదు, ఏడాది మాగిన పాతది. కొత్త బియ్యపు అన్నము ముద్దకట్టునని, పాతవైనచో మెతుకు మెతుకుగ పొడిపొడిగ ఉండునని వంట తెలిసిన వారందరును ఎరుగుదురు. ఒకదాని ధర ప్రభుత్వోత్తరువులను బట్టి నడచును. రెండవదాని ధర మిర్యాలగూడ, నెల్లూరు, నంద్యాల, గంగావతి వంటి చోట్ల మిల్లుల వాకిళ్లలో నిర్ణయమగును. మొదటి దాని నిల్వ ఎంత పెరిగినను రెండవదాని ధర తగ్గదు. ఏలయన మొదటిది రెండవదానికి బదులుగ కంచములోనికి రాదు. పెరుగుచున్నది బియ్యము ధర కాదు, సన్నబియ్యము ధర. ఈ భేదమును విస్మరించి చేసిన విధానములన్నియు గురి తప్పినవని నా నిశ్చితాభిప్రాయము.

ఈ స్థితి ఒక్కనాడు వచ్చినది కాదు. యుద్ధకాలపు రేషనింగును 1952 జూన్‌లో రాజగోపాలాచారి మద్రాసు రాష్ట్రమున ఎత్తివేసిన నాటికి, బియ్యపు విషయమున ప్రభుత్వపు పాత్ర ఆకటినుండి కాపాడుట వరకే పరిమితము. 1965లో భారత ఆహార సంస్థయు, వ్యవసాయ ధరల సంఘమును ఏర్పడిన పిమ్మట, కొనుగోలు, నిల్వ, పంపకము అను మూడు వ్యవహారములును ప్రభుత్వము చేతికి వచ్చినవి. 1983లో ఆంధ్రప్రదేశ్‌లో రెండు రూపాయలకు కిలో బియ్యము పథకము ప్రారంభమగుటతో ఆ పాత్ర ప్రతి గ్రామమునకు విస్తరించినది. ఆ కాలమున ప్రభుత్వము ధాన్యమును నేరుగా విశేషముగ కొనెడిది కాదు; మిల్లుదారుడు తాను కొని మరపట్టిన బియ్యములో నిర్ణీత భాగమును లెవీగా ఇచ్చి, తక్కినది బహిరంగ విపణిలో అమ్ముకొనెడివాడు. లెవీలో అక్రమములు లేకపోలేదు. అయినను దొడ్డు సన్నములు రెండును ఒకే వర్తకుని చేతి మీదుగ, ఒకే పెట్టుబడితో నడచెడివి. 2015 అక్టోబరు 1 నుండి లెవీ రద్దయినది. నాటి నుండి దొడ్డుధాన్యమును ప్రభుత్వమే కొని మిల్లుకు పంపగా, మిల్లుదారుడు మరాడించి క్వింటాలుకు 67 కిలోల బియ్యము అప్పగించు కూలివాడయ్యెను. సన్నధాన్యము విషయమున మాత్రము తన పెట్టుబడితో కొని, తన గోదాములో మాగబెట్టి, తనకు తోచినపుడు అమ్ముకొను స్వతంత్ర వర్తకుడుగనే నిలిచెను. ఈ విభజన సంభవించిన నాడు దాని ఫలితమును ఆలోచించిన వారు అరుదు.

ఇక మద్దతు ధర సంగతి. ప్రతి యేటను కేంద్రము వరికి సాధారణ రకమని, ఎ గ్రేడు అని రెండు ధరలు ప్రకటించును. గింజ పొడవునకు వెడల్పునకు గల నిష్పత్తిని బట్టి ఈ విభాగము. 1997-98లో సాధారణ రకమునకు క్వింటాలు ధర 415 రూపాయలు, ఎ గ్రేడుకు 445 రూపాయలు. అనగా మేలురకమునకు నూటికి ఏడు రూపాయలకు పైగ అదనము లభించెను. 2025-26లో సాధారణ రకము 2369 రూపాయలు, ఎ గ్రేడు 2389 రూపాయలు. అదనము ఇరువది రూపాయలు. నూటికి ఒక్క రూపాయియైన కాదు. ఇరువది ఎనిమిది సంవత్సరములలో ధర అయిదు రెట్లకు మించి పెరుగగా, మేలురకమునకు ఇచ్చు విలువ ముప్పది నుండి ఇరువదికి దిగినది. అంతమాత్రమే కాదు. కాటన్‌దొర సన్నాలని పేరున్నను విపణిలో దొడ్డుగనే చెల్లు ఎం.టి.యు. 1010 వంటి పొడవు గింజయు, అచ్చమైన సన్నరకమైన సాంబ మసూరియు ఈ కొలతను బట్టి ఒకే గ్రేడులో చేరును. తినువాడు ఈ రెండింటికి చెల్లించు ధరలో ఎంత అంతరమున్నదో అంగడికి పోవు ప్రతి బాలునకు తెలియును. కొను ప్రభుత్వమునకు మాత్రము ఆ అంతరము కనబడదు.

రైతు దీనిని బట్టియే తన లెక్క వేసికొనుచున్నాడు. 1986లో బాపట్ల పరిశోధన కేంద్రమునుండి వెలువడిన బి.పి.టి. 5204, అనగా సాంబ మసూరి, తెలుగువారి అన్నపు రుచిని నిర్ణయించిన వంగడము. దానికి 145 నుండి 150 దినముల కాలము పట్టును. దోమకును, అగ్గితెగులునకును, ఆకుయెండు తెగులునకును సులభముగ లొంగును. మందుల ఖర్చు హెచ్చు, దిగుబడి దొడ్డురకములకన్న తక్కువ. ఎం.టి.యు. 1010 నాలుగు నెలలలో కోతకు వచ్చును. నీటి తడులును తక్కువ, పురుగుల బాధయు తక్కువ. పండించిన ధాన్యమును కల్లములోనుండి నేరుగా కొనుగోలు కేంద్రమునకు తోలవచ్చును. కొనువాడు ప్రభుత్వము గనుక ధర ముందే తెలియును. సన్నములు వేసినవాడు మిల్లువాకిట ట్రాక్టరు నిలిపి, తేమ హెచ్చని, తాలు హెచ్చని, నూక అగునని చెప్పు మాటలు విని, ఆనాటి ధరకు లోబడవలెను. యాసంగిలో మఱియు కష్టము: వేసవి యెండకు గింజ పగిలి మరలో నూకయగుట చేతనే తెలంగాణమున యాసంగి ధాన్యమును ఉప్పుడు బియ్యముగ మార్చవలసివచ్చుట, ఉప్పుడు బియ్యము ఇక తీసికొనలేమని కేంద్రము చెప్పగా 2021-22లో పెద్ద వివాదము చెలరేగుట పాఠకులకు జ్ఞప్తియందుండును. కౌలు ముందుగ చెల్లించి, అప్పు తెచ్చి సేద్యము చేయువాడు ఇట్టి సాహసమునకు పూనుకొనడని నిందించుట న్యాయము కాదు. నిశ్చయమైన ధర ఎక్కడ గలదో పంట అక్కడికి పోవును. ప్రభుత్వము దశాబ్దముల తరబడి దొడ్డుగింజకు ఆ నిశ్చయము కల్పించినది.

ఇట్లు సన్నముల సాగు కొద్దిపాటి ఆయకట్టులకు, కొద్దిపాటి ఋతువునకు పరిమితమైనందున, ఒక చిన్న విపత్తు వచ్చినను దాని ధర అల్లాడును. 2023 దీనికి దృష్టాంతము. ఆ యేటి ఆగస్టు 1901 తరువాత దేశమున అతి తక్కువ వర్షము కురిసిన ఆగస్టుగ నమోదయ్యెను. కృష్ణలో వరద రాక, దీర్ఘకాలిక సన్నములకు ఆటపట్టైన సాగర్ ఆయకట్టున నీటికి కటకటయేర్పడెను. గోదావరి డెల్టాలో, గొట్టపు బావుల క్రింద దొడ్డురకములు మాత్రము పండెను. మిగిలిన సన్నముల పంట కోతకు వచ్చిన వేళ, డిసెంబరు 5వ తేదీన మిగ్‌జాం తుపాను బాపట్ల సమీపమున తీరము దాటి, కోసిన పనలను, కోయవలసిన చేలను కూడ ముంచెను. దేశమున మొత్తము బియ్యపు ఉత్పత్తి ఆ సంవత్సరము కుప్పకూలలేదు. సన్నధాన్యము మాత్రము మద్దతు ధరను మించి పలికెను. మొత్తము పంటను చూపి కొరత లేదని అధికారులును, అంగడి ధరను చూపి కొరత యున్నదని ప్రజలును వాదించుకొనుచుండగా, ఇరువురును వేర్వేరు ధాన్యములను గూర్చి మాటలాడుచున్నారన్న సంగతి గుర్తించినవారు కొందరే.

మిల్లుదారులు దాచుటయే కారణమను వాదమును ఇప్పుడు పరిశీలింతము. దాచుట నిజమే, కాని పాతబియ్యము కావలెనని అడుగు సమాజమున ఎవరో యొకరు దాచక తప్పదు. ఉదాహరణకు, క్వింటాలు సన్నధాన్యము 2800 రూపాయలకు కొని, దానినుండి నూక తీసివేయగా 65 కిలోల బియ్యము వచ్చినదనుకొందము. కిలోకు పడినది 43 రూపాయలు. తవుడు, నూక, ఊక అమ్మగా వచ్చినది మర ఖర్చులకు సరిపోయినదనుకొన్నను, ఆ పెట్టుబడిపై నూటికి పండ్రెండు వడ్డీ ఏడాదికి లెక్కించినచో కిలోకు మఱియైదు రూపాయలు చేరును. అటుపిమ్మట గోదాము అద్దె, బరువు తరుగు, సంచి, లారీ కిరాయి, టోకు చిల్లర వర్తకుల లాభము. వీనిపై 2022 జులై 18 నుండి 25 కిలోలు, అంతకులోపు ప్యాకెట్లపై 5 శాతము జి.ఎస్.టి. విధింపగా, దానిని తప్పించుకొనుటకై 26 కిలోల బస్తా పుట్టినది; నేడు తెలుగునాట ప్రతి యింటికి వచ్చునది ఆ బస్తాయే. ఈ లెక్క ప్రకారము ధరలో అధిక భాగము న్యాయమైన ఖర్చే. అన్యాయము గల చోటు వేరు: ఏ మిల్లులో ఎంత నిల్వ ఉన్నదో బయటివారికి తెలియదు. కొరత రాబోవుచున్నదన్న వదంతి పుట్టిన వెంటనే అందరును అమ్మకము నిలిపివేయుదురు. ధర పది రూపాయలు ఎగిరిన పిమ్మట గోదాములు తెరచుకొనును. ఇది దొంగనిల్వయని దాడులు చేసి, నాలుగు లారీలు పట్టుకొని, పత్రికలలో చిత్రములు వేయించిన మాత్రమున మారదు. నిల్వ లెక్క వారము వారము బహిరంగమగుట వలననే మారును.

ఈ ధరపెరుగుదలలో రైతునకు దక్కుచున్నదేమి? నా దృష్టిలో ఇది ఈ చర్చలో అన్నిటికన్న ముఖ్యమైన ప్రశ్న. సార్వా ధాన్యము కార్తిక మార్గశిరములలో కల్లమునకు వచ్చును. హార్వెస్టరు కోసిన ధాన్యము పచ్చిగ ఉండును. ఆరబోయుటకు చోటు లేదు, వాన భయము కలదు, ఎరువుల దుకాణము వాడును, అప్పిచ్చినవాడును గడప యెదుట నిలిచియుందురు. వారము దినములలో ధాన్యము చేయి దాటును. ధర పెరుగునది తరువాతి ఆషాఢ శ్రావణములలో. అప్పటికి రైతింట గింజ లేదు, పైపెచ్చు అనేక గ్రామములలో ఆ రైతే బియ్యము కొనువాడగును. మార్కెటు కమిటీల గోదాములలో ధాన్యము నిల్వచేసికొని, దానిపై తాకట్టు ఋణము పొందు రైతుబంధు పథకము పూర్వపు ఆంధ్రప్రదేశ్ కాలము నుండి కలదు. తరువాత అదే పేరిట వచ్చిన పెట్టుబడి సాయము వేరు. గిడ్డంగి రసీదును తాకట్టుగ అంగీకరింపజేయు చట్టము 2007లోనే వచ్చినది. ఇవి రెండును కాగితములపైననే మిక్కిలిగ మిగిలినవి. కౌలుదారునకు భూమి పత్రము లేదు. పాసుపుస్తకము చూపనిదే బ్యాంకు మాటలాడదు. ఈ కారణమున నిల్వ వలన వచ్చు లాభమంతయు నిల్వచేయగల శక్తి గలవానికే చెందుచున్నది.

ఎగుమతులు నిలిపినచో ధర దిగునను వాదము ప్రభుత్వమునకు మిక్కిలి ప్రీతిపాత్రము. ఏలయన ఒక్క ప్రకటనతో పని ముగియును. 2022 సెప్టెంబరులో నూకల ఎగుమతిని నిషేధించి, తెల్లబియ్యముపై 20 శాతము సుంకము వేసిరి. 2023 జులై 20వ తేదీన బాస్మతి కాని తెల్లబియ్యము ఎగుమతినే నిషేధించిరి. ఆగస్టులో ఉప్పుడు బియ్యముపై 20 శాతము సుంకము విధించిరి. ప్రపంచ బియ్యపు వర్తకమున సుమారు నూటికి నలువది పాళ్లు భారతదేశమునదే. అట్టి దేశము తలుపు మూసినంతనే, ఆ ఆగస్టులో అంతర్జాతీయ బియ్యపు ధరలు పదునైదేండ్లలో అత్యధిక స్థాయికి చేరెను. అమెరికాలోని తెలుగు కుటుంబములు భారతీయ దుకాణముల యెదుట సోనా మసూరి సంచులకై బారులు తీరెను. ఇంత జరిగినను ఇచట హైదరాబాదులో, విజయవాడలో సన్నబియ్యము ధర తగ్గకపోయెను; ఆగినది ఎక్కువగ ఇతర రకముల ఎగుమతి, కాకినాడ రేవునుండి పశ్చిమాఫ్రికాకు పోవు చౌకబియ్యము. 2024 సెప్టెంబరు 28న నిషేధము ఎత్తివేయునాటికి వియత్నాము, థాయిలాండు వర్తకులు మన కొనుగోలుదారులలో కొందరిని తమవారిని చేసికొనిరి. 2007 అక్టోబరులో కూడ ఇట్లే చేసితిమి. వియత్నాము మొదలగు దేశములు మనలను అనుసరింపగా, అప్పటికి టన్ను 400 డాలర్లకు లోపున ఉన్న థాయి బియ్యము 2008 మే నాటికి 1000 డాలర్ల ప్రాంతమునకు ఎగబ్రాకెను. ప్రపంచమున పండు బియ్యములో సుమారు పదియవ వంతు మాత్రమే దేశముల ఎల్లలు దాటును. అంత పలుచని విపణిలో ఒక పెద్ద దేశము వేయు అడుగు పేద దేశముల వంటయిండ్లను తాకును. ఈ బాధ్యతను మనము మరువరాదు.

దేశీయ విపణిలో ప్రభుత్వ నిల్వలను అమ్మి ధర దింపు యత్నమును జరిగినది. 2023లో ఆహార సంస్థ బియ్యమును కిలో 31 రూపాయలకు, పిమ్మట 29 రూపాయలకు వేలమునకు పెట్టగా కొనువారు మిక్కిలి తక్కువగ వచ్చిరి. 2024 ఫిబ్రవరిలో భారత్ రైస్ పేర అదే బియ్యమును 29 రూపాయలకు చిన్న సంచులలో అమ్మిరి. సన్నబియ్యము కిలో 50 రూపాయలు దాటిన కాలమున 29 రూపాయల బియ్యమునకు జనము ఎగబడకపోవుటకు హేతువేమి? అది వారు తినుటకు కోరిన బియ్యము కాదు. ఈ వేలములు విఫలమగుటయే, అంగడిలో ఉన్నది రెండు వేర్వేరు ధాన్యములన్న మాటకు ప్రత్యక్ష నిదర్శనము.

ఈ పాఠము మనము ఒక్కరమే నేర్చుకొనుట లేదు. జపాను దేశము 1993లో చలివేసవి వలన వరి చెడి, 25 లక్షల టన్నులకు పైగ బియ్యమును దిగుమతి చేసికొనెను. థాయిలాండునుండి వచ్చిన పొడవు గింజ జపానీయుల జిగురన్నమునకు అలవాటుపడిన నోటికి సరిపడక, దుకాణములలో కొనువారు లేక మిగిలిపోయెను. దేశీయ బియ్యమునకు మాత్రము వరుసలు తీరిరి. అటుపిమ్మట ముప్పది యేండ్లకు మరల అదే దేశమున సంకటము వచ్చెను. ధర పడిపోకుండుటకై 1970 ప్రాంతము మొదలు వరిసాగును తగ్గించిన వారికి ప్రోత్సాహము నిచ్చుచు వచ్చిన జపాను, 2018లో ఆ విధానమును లాంఛనముగ ముగించినను, సాగు గిరాకికి సరిపోవునంతకు మించకుండ చూచు పద్ధతిని విడువలేదు. 2023 వేసవి తాపమునకు గింజ నాణ్యము చెడెను. 2024 ఆగస్టులో భూకంప హెచ్చరిక వినగానే ప్రజలు ముందుగ కొని దాచుకొనగా దుకాణములు ఖాళీయయ్యెను. 5 కిలోల సంచి 2024 మొదట రెండు వేల యెన్‌ల ప్రాంతమున ఉండగా, 2025 వసంతమున నాలుగు వేలు దాటెను. మార్చిలో ప్రభుత్వ నిల్వలు వేలమునకు వచ్చెను. వానిలో అధిక భాగము వ్యవసాయ సహకార సంఘముల సమాఖ్య చేతికి పోయి, అచటినుండి దుకాణములకు చేరుటలో మిక్కిలి జాప్యము జరిగెను. తనకు బియ్యము కొనవలసిన అవసరమే రాలేదని పలికిన వ్యవసాయ మంత్రి మేలో రాజీనామా చేయవలసివచ్చెను. తరువాత వచ్చిన మంత్రి వేలమును ప్రక్కనబెట్టి, నిల్వలను నేరుగా చిల్లర దుకాణములకు ఇప్పించిన పిమ్మట 5 కిలోలు రెండు వేల యెన్‌ల ప్రాంతమున లభించెను. జపాను ప్రభుత్వమునొద్ద నిల్వ ఉన్నది, ధనమున్నది, పరిపాలనా దక్షత ఉన్నది. ఏ బియ్యము, ఎవరి ద్వారా, ఎంత వేగముగ తినువానికి చేరవలెనను విషయమున మాత్రము లెక్క తప్పెను. ఆగస్టులో ఆ దేశ ప్రధాని గిరాకిని అంచనా వేయుటలో పొరబడితిమని అంగీకరించి, ఉత్పత్తి పెంచు విధానమునకు మరలుదుమని ప్రకటించెను. అట్టి ఒప్పుకోలు మన దేశమునను అవసరము.

ఇండొనేషియాలో 2025 మధ్యకాలమునకు ప్రభుత్వ సంస్థ బులోగ్ గోదాములలో నలుబది లక్షల టన్నుల బియ్యము పేరుకొని రికార్డు సృష్టింపగా, అంగడిలో ధర ప్రభుత్వము నిర్ణయించిన గరిష్ఠ పరిమితిని దాటియుండెను. గోదాము నిండుట వేరు, సంత నిండుట వేరు. థాయిలాండు దీనికి విపరీతమైన ప్రయోగము చేసెను. 2011లో టన్ను ధాన్యమునకు 15 వేల బాట్ చొప్పున చెల్లించి పంటయంతయు కొని, తాము నిలిపియుంచినచో ప్రపంచ ధర పెరుగునని తలంచిరి. ఆ యేడు సెప్టెంబరులోనే భారతదేశము ఎగుమతులకు తలుపు తెరచెను. మరుసటి యేట ఎగుమతులలో థాయిలాండు ప్రథమస్థానమును కోల్పోయి, మాగి చెడిన నిల్వలతోడను అపారమైన నష్టముతోడను మిగిలెను. రైతుకు మంచి ధర ఇచ్చుట దోషము కాదు. కొనువాడెవడో, తినువాడెవడో చూడక ఇచ్చుట దోషము.

మన రాష్ట్రములలో ఇటీవల జరిగిన ప్రయోగమును ఈ వెలుగున పరికింపవలెను. తెలంగాణ ప్రభుత్వము 2024 వానకాలమునుండి సన్నధాన్యమునకు క్వింటాలుకు 500 రూపాయల అదనము ప్రకటించెను. కేంద్రము ఇరువది రూపాయలని తూచిన భేదమునకు రాష్ట్రము అయిదువందలని వెల కట్టినదన్నమాట. ఆ ఋతువుననే వరిసాగులో సన్నముల వాటా సగమును మించెను. కొనుగోలు కేంద్రములలో గింజ పొడవు వెడల్పులను కాలిపరుతో కొలిచి నిర్ణయించుట సాధ్యమేయని తేలెను. 2025 ఉగాదినాడు హుజూర్‌నగర్‌లో చౌక దుకాణములలో ఒక్కొక్కరికి 6 కిలోల సన్నబియ్యము ఉచితముగ ఇచ్చు పథకము ప్రారంభమయ్యెను. ఆ సంవత్సరము అంగడిలో సన్నబియ్యము ధర తగ్గుముఖము పట్టెను. ధర రైతు నిర్ణయమును ఎంత త్వరగ మార్చునో, ఆ నిర్ణయము కంచపు ధరను ఎట్లు మార్చునో చూపుటకు ఇంతకన్న స్పష్టమైన సాక్ష్యము అక్కరలేదు.

సన్నబియ్యము కలిగినవారి భోజనమే గదా, దానికై ప్రజాధనమును వెచ్చించుట యేలయని కొందరు ఆర్థికవేత్తలు ఆక్షేపింతురు. ఈ ఆక్షేపణ పూర్వము సబబే, నేడు కాదు. తెల్లకార్డు గల కుటుంబము రేషను దొడ్డుబియ్యమును వాకిటికి వచ్చు వ్యాపారికి అతి తక్కువ ధరకు అమ్మి, ఆ డబ్బుపై మఱికొంత వేసి అంగడిలో సన్నబియ్యము కొనుట గ్రామగ్రామమున అందరెరిగిన సంగతి. అమ్మిన బియ్యము మరలో మెరుగుపడి, మరల ప్రభుత్వ గోదామునకో రేవునకో చేరును. ఆహార సంస్థ కిలోకు సుమారు 40 రూపాయలు వెచ్చించి పంచిన ధాన్యము ఇట్లు తిరుగాడుచుండగా, సన్నబియ్యము ధర పెరిగినపుడు నష్టపడువారిలో పేదలే మొదటివారు. ఖర్చు విషయమున మాత్రము నాకును శంక కలదు. అయిదువందల రూపాయల అదనమును ఒక రాష్ట్రము తన ఖజానానుండి ఏటేట మోయజాలదు. ఆలస్యముగ చెల్లించినచో రైతు నమ్మకము సడలును. అందరును ఒక్కసారిగ సన్నములకు దిగినచో ధర కూలి, మూడవ యేట మరల దొడ్డునకు మరలుదురు. యాసంగి సన్నములలో నూక సమస్య తీరలేదు. కావున ఈ భారము రాష్ట్రముల ఔదార్యముపై కాక, మద్దతు ధర నిర్మాణముపైననే నిలువవలెను.

వంగడముల విషయమున శాస్త్రజ్ఞులు తమ పని తాము చేయుచున్నారు. ఆకుయెండు తెగులును తట్టుకొను మెరుగైన సాంబ మసూరిని హైదరాబాదు పరిశోధన సంస్థలు రూపొందించెను. రాజేంద్రనగర్‌లో పుట్టిన తెలంగాణ సోన సుమారు 125 దినములలో కోతకు వచ్చును. సాంబ మసూరినుండియే జన్యు సవరణ పద్ధతిన సాధించిన కమల అను వంగడమును 2025 మేలో ప్రకటించిరి, దాని కాలము మూలరకముకన్న పదునైదు ఇరువది దినములు తక్కువ. కాలము తగ్గుట యనగా ఒక తడి తగ్గుట, ఒక తుపాను తప్పుట. ఈ విత్తనములు కంకిపాడు రైతుకును, కోదాడ రైతుకును తగిన మోతాదులో ఎప్పటికి అందుననునది విత్తన సంస్థలను అడుగవలసిన ప్రశ్న.

చేయవలసినది అసాధ్యమైనది కాదు. గ్రేడుల విభజనను తిరిగి సవరించి, నిజమైన సన్నగింజకు వేరు తరగతి కల్పించి, 1997-98 నాటి నూటికి ఏడు రూపాయల అంతరమునైనను పునరుద్ధరింపవలెను. 2025-26 ధరపై అది క్వింటాలుకు సుమారు 165 రూపాయలగును. ఆహార సంస్థ తన నిల్వలలో కొంత భాగమును సన్నబియ్యముగ మాగబెట్టి, శ్రావణ భాద్రపదములలో తెలుగు, కన్నడ జిల్లాల విపణులకు విడుదల చేయవలెను. మిల్లుల నిల్వ వివరములు వారము వారము ప్రకటితము కావలెను. కౌలుదారునకు భూమి పత్రముతో నిమిత్తము లేకుండ గిడ్డంగి రసీదుపై ఋణము లభింపవలెను. ఎగుమతులపై ఆకస్మిక నిషేధములకు బదులు, ధరను బట్టి హెచ్చుతగ్గులగు సుంకమును ముందుగనే ప్రకటించి పాటింపవలెను. వీనిలో మొదటిది తక్కినవానికి మూలము. కేంద్రమును, ధరల సంఘమును, రెండు తెలుగు రాష్ట్రముల వ్యవసాయ శాఖలను నేను కోరునది ఒక్కటే: వచ్చు సార్వాకు నారుమడులు దున్నకముందే ఈ నిర్ణయము రైతు చెవిని పడవలెను. నారు పోసిన పిమ్మట ప్రకటించిన ధర ఆ యేటి పంటను మార్చజాలదు.